వైరు బుట్టలో వచ్చిన కుక్కపిల్ల

మద్రాసులో కుక్కపిల్ల ఇంటికొచ్చేది వైరు బుట్టలోనే. ఆకుపచ్చ, పసుపు ప్లాస్టిక్ వైర్లతో అల్లిన కూరగాయల బుట్ట, అడుగున చిరిగిన తువ్వాలు, అందులో గుప్పెడంత ప్రాణి, అంచు మీదుగా పైకి లేచిన తడి ముక్కు. మూర్ మార్కెట్‌లో బేరమాడి, కండక్టర్ కంట పడకుండా ఒళ్లో పెట్టుకుని పాండీబజారు దాకా తెచ్చేవాళ్లు. 1985లో మూర్ మార్కెట్ తగలబడిపోయాక ఆ బేరాలు బ్రాడ్‌వే ఆదివారం సంతకి చేరాయి. టీకాకి వెళ్లేది కూడా అదే బుట్టలో. 1903లో మొదలైన వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రి వరండాలో పొద్దున్నే ఆ బుట్టలు వరసగా కూర్చునేవి, ఒక్కో బుట్టలోంచి ఒక్కో గొంతు.

సౌకార్‌పేట, టీ నగర్, కోడంబాకం, పెరంబూరు తెలుగిళ్లలో అప్పటి పెంపకాన్ని ఇప్పుడు తలుచుకుంటే సగానికి సగం తప్పులే. చెంబెడు ఆవుపాలు పోసి విరేచనాలు తెప్పించేవాళ్లు, తడిపిన చోట ముక్కు రాసేవాళ్లు, పిడుదులకి కిరసనాయిలు పూసేవాళ్లు. అయినా చాలా పిల్లలు బుద్ధిగానే పెరిగాయి. అది మనవాళ్ల తెలివి అనుకుంటే పొరపాటు, ఆ పని ఇల్లు చేసిపెట్టేది. వీధి వైపు అరుగు, వెనక మట్టి దొడ్డి, వచ్చేపోయే పాలవాడు, పూలమ్మి, పోస్టుమాను, పగలంతా ఇంట్లోనే ఉండే నాయనమ్మ. ఇప్పుడు నాలుగో అంతస్తు ఫ్లాటులో ఇవేవీ లేవు గనక, అప్పుడు దానంతటదే జరిగిపోయిన ప్రతి పనీ గడియారం పెట్టుకుని చేయాల్సి వస్తోంది.

మొదటి తప్పు వయసు దగ్గర మొదలయ్యేది. కళ్లు తెరిచి నాలుగడుగులు వేస్తే చాలు, నెల పిల్లని అమ్మేసేవాళ్లు. చిన్నదైతే మనకి మాలిమి అవుతుందని కొనేవాళ్ల నమ్మకం. కుక్కల అమ్మకం మీద ప్రభుత్వం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. దానికి పాలొక్కటే కారణం కాదు. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యోమని అరిచి ఆట మానేస్తుంది. పంటి జోరు ఎక్కడ ఆపాలో అలా తెలుస్తుంది. నెలకే తల్లిని వదిలిన పిల్లకి ఆ పాఠం చెప్పేవాళ్లుండరు, అది మన చేతుల మీద నేర్చుకుంటుంది.

ఏ జాతి అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న కాదు. తెల్లగా బొచ్చుగా ఉంటే పొమేరియన్ అనేసేవాళ్లు. నిజానికి వాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లు. కాస్త దర్పం కోరుకున్నవాళ్లు రాజపాళయం జాతి కుక్కని తెప్పించేవాళ్లు. తెలుగునేల నుంచి దక్షిణాదికి వెళ్లి స్థిరపడిన రాజుల ఊరు కాబట్టి మనవాళ్లకి ఆ కుక్క మీద ఓ రవ్వ స్వాభిమానం ఉండేది. 2005లో తపాలాబిళ్ల మీదికి కూడా ఎక్కింది. పాలలా తెల్లని ఒళ్లు, గులాబీ ముక్కు. ఆ తెలుపుతో పాటు వచ్చే చిక్కు ఒకటుంది, కొన్ని పిల్లలకి పుట్టు చెవుడు. కొనేముందు పిల్ల చూడకుండా వెనక నిలబడి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాలి. చెవి కదలాలి, తల తిరగాలి. తోటి పిల్లల మధ్య ఉండగా చూస్తే వాటిని చూసి ఇదీ తల తిప్పేస్తుంది, అందుకని విడిగా తీసుకెళ్లి చూడాలి. చెవిటిదైనా పెంచుకోవచ్చు, అన్నీ చేతి సైగలతో నేర్పుకోవాలి. కాకపోతే ముందే తెలియాలి.

మొదటి రాత్రి ఏ ఇంట్లోనూ ఎవరికీ నిద్ర ఉండదు. తల్లి వెచ్చదనం, తోడబుట్టినవాటి ఊపిరి ఒక్కసారిగా పోయి ఏడుస్తుంది. అప్పటివాళ్లు హార్లిక్స్ సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి తువ్వాలు చుట్టి పక్కన పెట్టేవాళ్లు, టిక్కుటిక్కుమనే అలారం గడియారాన్ని గోనెపట్టా కింద దాచేవాళ్లు. ఈ రెండూ ఇప్పటికీ పనికొస్తాయి. సీసా మీద చేయి పెడితే హాయిగా ఉండాలి, చుర్రుమనకూడదు. పైన కోళ్ల గంప బోర్లించేవాళ్లు. ఇప్పుడు క్రేట్ అని వేలు పోసి కొంటున్నది ఆ గంపకి తమ్ముడే. లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి పడుకునేంత జాగా చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల ఒంటికి పోసుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు తలుపు తెరిచే ఉంచి, అన్నం గిన్నె లోపల పెట్టాలి. కోపం వచ్చినప్పుడు అందులో పెట్టి మూస్తే మాత్రం జన్మలో దాని మొహం చూడదు. మొదటి వారం రోజులు మన మంచం పక్కనే ఉంచుకోవడం మేలు. రాత్రి కుయ్‌కుయ్‌మంటే చేయి కిందికి వేలాడేస్తే చాలు. అప్పటికీ ఊరుకోకపోతే అది ఒంటికి వెళ్లాలని అడుగుతున్నట్టు.

ఈ ఒంటికీ రెంటికీ సంగతి దగ్గరే పాత ఇల్లు బాగా గుర్తొస్తుంది. తలుపు ఎప్పుడూ తెరిచి ఉండేది, రెండంగలేస్తే మట్టి. కుక్కకి మట్టి, గడ్డి అంటే ముందే ఇష్టం, ఎవరూ నేర్పక్కర్లేకపోయేది. ఫ్లాటులో లిఫ్టు వచ్చేలోపే పని అయిపోతుంది. రెండు నెలల పిల్ల మెలకువగా ఉంటే రెండు గంటలకు మించి ఆగలేదు. నిద్ర లేచిన వెంటనే, ఆట మధ్యలో, అన్నం తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఈ మూడు వేళలూ పట్టుకుంటే ముప్పాతిక భాగం గెలిచినట్టే. నేల వాసన చూస్తూ ఉన్నట్టుండి చిన్న గుండ్రంలో తిరుగుతుంది, ఆడుతున్నది ఆపి మూలకి నడుస్తుంది. ఆ గుండ్రం రెండో చుట్టుకి చేరకముందే ఎత్తుకుపోవాలి. ఎత్తుకున్నప్పుడు సాధారణంగా ఆపుకుంటుంది, నడిపిస్తే దారిలోనే కూర్చుంటుంది.

టీకాలు పూర్తయ్యేదాకా కింద వీధి కుక్కలు తిరిగే చోట దింపకూడదు కాబట్టి బాల్కనీలో పాత హిందూ పేపరు పరవడం ఇప్పటికీ దిక్కు. నాలుగు కాగితాలు మందంగా వేసి, మార్చేటప్పుడు తడిసిన అడుగు కాగితం ముక్క ఒకటి కొత్తవాటి కింద ఉంచాలి. ఆ వాసనే దానికి బోర్డు. వారం వారం ఆ కాగితాల పరుపు కాస్త చిన్నది చేస్తూ, తలుపు వైపు జరుపుతూ రావాలి. పని కాగానే అక్కడికక్కడే చిన్న ముక్క తినడానికి పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

తప్పు చోట చేసిందా, చూస్తుండగా అయితే చప్పట్లు కొట్టి ఎత్తుకుపోవడమే. అయిపోయాక చూస్తే తుడిచేసి ఊరుకోవాలి. ముక్కు రాసే పాత పద్ధతి వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మనుషుల ముందు చేయకూడదని. అందుకే ఆ ఇళ్లలో బీరువా వెనక, మంచం కింద దొరుకుతుండేవి. ఫినాయిలు మన ముక్కుకి శుభ్రం, దాని ముక్కుకి కింద వాసన అలాగే ఉంటుంది, పైగా ఆ తడి కాళ్లని నాకితే ప్రమాదం. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిచి, ఆరనివ్వడం నయం. గ్రానైటు, మార్బుల్ మీద మాత్రం వెనిగర్ మచ్చలు పడతాయి, అక్కడ కుక్కల కోసమే అమ్మే ఎంజైమ్ ద్రావణం వాడాలి.

సొట్టలు పడ్డ సత్తు గిన్నె, అందులో పెరుగన్నం. తమిళదేశంలో పెరిగిన ప్రతి తెలుగు కుక్కా తిన్నది అదే. పెరుగు తప్పేం కాదు, ఆవుపాల కన్నా ఎంతో మేలు. పాలలోని చక్కెర కుక్కపిల్లకి సరిగా అరగదు, అందులో కొంత భాగం పెరుగవడంలో పోతుంది. ఒక్క పెరుగన్నంతోనే పెంచితే మాంసకృత్తులు చాలవు. ఉడికించిన కోడి, గుడ్డు, కాస్త గుమ్మడికాయ కలవాలి, లేదా పిల్లల కోసం చేసిన మంచి రెడీమేడ్ ఆహారం పెట్టాలి. రెండు నుంచి మూడో నెల దాకా రోజుకి 4 సార్లు, ఆరో నెల దాకా 3 సార్లు, ఆ తర్వాత 2 సార్లు. కొత్తగా వచ్చిన పిల్లకి అమ్మినవాళ్లు ఏం పెట్టేవాళ్లో అదే మూడు రోజులు పెట్టి, వారం రోజుల్లో మెల్లగా మార్చాలి. ఇల్లూ తిండీ ఒకే రోజు మారితే కడుపు తట్టుకోదు.

మన వంటింట్లో దానికి విషం సాంబారే. అందులో చిన్న ఉల్లిపాయలు గుప్పెళ్లతో వేస్తాం. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను చిట్లగొడతాయి, ఉడికినా వాటి గుణం పోదు. ముక్కలు తీసేసి పులుసు పోస్తే సరిపోతుందనుకోవద్దు. పాయసంలో కిస్మిస్, పిల్లలు పెట్టే చాక్లెట్, ఆదివారం ఉడికిన కోడి ఎముకలు, ఇవన్నీ ఆ గిన్నెకి దూరం. ఎదుగుతున్న పెద్ద జాతి పిల్లకి చెవులు నిలబడాలని కాల్షియం పొడి చెంచాలతో వేయడం అప్పటి వేలంవెర్రి. సరైన తిండి తింటున్న పిల్లకి అదనపు కాల్షియం ఎముకలు వంకరపోవడానికే దారి తీస్తుంది.

గిన్నె దగ్గర ఇంకో పాత సరదా ఉండేది. తింటుండగా గిన్నె లాగేసి, గుర్రుమంటుందో లేదో పరీక్ష. నాలుగుసార్లు లాగితే గుర్రుమనని పిల్ల కూడా మొదలుపెడుతుంది. దానికి బదులు తింటున్నప్పుడు దగ్గరికెళ్లి గిన్నెలో ఓ కోడిముక్క పడేసి వచ్చేయాలి. మనిషి దగ్గరికొస్తే తిండి పెరుగుతుందని తెలిసిన కుక్క తోక ఊపుతుంది.

ఇక జబ్బుల మాట. రక్త విరేచనాలు పట్టుకుంటే దిష్టి తగిలిందనేవాళ్లు. సంతలో కొన్న బొద్దు పిల్ల మూడు నాలుగు రోజులు గెంతి, ఒక పొద్దున తిండి ముట్టదు. మధ్యాహ్నానికి నురగలాంటి వాంతి, సాయంత్రానికి భరించలేని కంపుతో నెత్తురు విరేచనం. అది పార్వో అనే వైరస్ జబ్బు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా వ్యాపించి 80ల మొదట్లో మన ఊళ్లకీ వచ్చింది. వైరస్ సోకిన 3 నుంచి 7 రోజుల్లో బయటపడుతుంది కాబట్టి ఇంటికొచ్చాక తగిలిందనుకున్నది చాలాసార్లు సంతలోనే తగిలి ఉంటుంది. వాంతి మొదలైన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి సెలైన్ ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది. ఇంట్లో ఎలక్ట్రాల్ తాగిస్తూ రేపు చూద్దామనుకుంటే ఆ రేపు ఉండకపోవచ్చు. పోయిన దుఃఖంలో వారానికే ఇంకో పిల్లని తెచ్చేవాళ్లు, అదీ పోయేది. ఆ ఇంటికి కుక్క అచ్చిరాదని పేరు పడేది. అసలు సంగతి, వైరస్ నేల మీదా గోనెపట్టా మీదా నెలల తరబడి బతికే ఉంటుంది, ఫినాయిలుకి చావదు. ముందు సబ్బుతో కడిగి, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. గుడ్డలు, బుట్ట పారేయడమే. తర్వాత తెచ్చే పిల్ల టీకాలు పూర్తయినదై ఉండాలి.

టీకా ఒక్కసారి వేస్తే చాలదా అని అందరూ అడుగుతారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాని కూడా పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారానికి తగ్గుతుంది. ఎప్పుడో తెలియదు కాబట్టి 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా వేస్తారు. ఆఖరిది మానేస్తే ముందువన్నీ వృథా పోవచ్చు. మూడో నెల నిండాక రేబీస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా. కుక్కపిల్ల గీరినా కొరికినా అప్పట్లో బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లని పిల్లలు దాచేసేవాళ్లు. ఆ పాత మందు ఈ దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు భుజానికి నాలుగైదు డోసులే. ముందు గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడగడం మాత్రం మారలేదు.

ఏలికపాములు తల్లి కడుపులోనే సంక్రమిస్తాయి. అందుకని పుట్టిన రెండో వారం నుంచి రెండు వారాలకోసారి, మూడో నెల దాటాక ఆరో నెల దాకా నెలకోసారి, బరువు తూచి మందు. వక్కలా ఉబ్బిన పిడుదు కనిపిస్తే కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, సబ్బు నీళ్లలో వేయాలి. చెవుల మడతలూ వేళ్ల సందులూ రోజూ వెతకాలి, ఆ పనితో పాటే పిల్లకి కాళ్లూ చెవులూ పట్టుకోనివ్వడం అలవాటవుతుంది. తమిళుల ఐప్పసి, కార్తిగై మాసాల (అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా) వానల్లో వీధిలో నిలిచిన నీళ్లలోకి దింపొద్దు, ఎలుకల మూత్రం నుంచి లెప్టో అనే జబ్బు వస్తుంది, అది మనకీ అంటుతుంది.

పేర్లు టామీ, జిమ్మీ, సీజర్. నేర్పే మాటల సంగతే విచిత్రం. అమ్మ "రా రా" అంటుంది, పనిమనిషి "వా వా" అంటుంది, కాన్వెంటు పిల్లలు "కమ్ కమ్" అంటారు. నాయనమ్మ కూర్చోమంటుంది, వాచ్‌మాన్ "ఉక్కారు" అంటాడు. మద్రాసు తెలుగు కుక్కకి మూడు భాషలొచ్చని గొప్పగా చెప్పుకునేవాళ్లు గానీ, దానికి ఒక్కటీ సరిగ్గా వచ్చేది కాదు. ఏ భాషైనా సరే, పనికి ఒకటే మాట, అందరి నోటా అదే. ఇంటిల్లిపాదీ కూర్చుని అయిదు మాటలు నిర్ణయించి ఫ్రిజ్ మీద అంటిస్తే పని సగమవుతుంది, పనిమనిషితో సహా.

కూర్చోబెట్టడం ఇలా. ఉడికిన కోడిని పల్లీగింజంత ముక్కలు చేసుకోవాలి. ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని ముక్కుకి ఆనించి, నుదుటి మీదుగా తోక వైపు నెమ్మదిగా జరపాలి. మూతి పైకి లేస్తుంది, నడుము దానంతటదే కిందికి దిగుతుంది. పిర్ర నేలకి తాకిన ఆ క్షణంలోనే ముక్క నోట్లో పడాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే అప్పటికే లేచి నిలబడుతుంది, నిలబడినందుకు ముక్క ఇచ్చినట్టవుతుంది. చేయి మరీ ఎత్తులో ఉంటే ఎగురుతుంది. నాలుగైదు సార్లు సజావుగా కూర్చున్నాక గానీ మాట కలపకూడదు. పూటకి మూడు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు పూటలు. నడుము నొక్కి కూర్చోబెట్టే పని అసలు వద్దు. అప్పటివాళ్లు అన్నిటికన్నా ముందు షేక్ హ్యాండ్ నేర్పి చుట్టాలకి చూపించేవాళ్లు. పిలిస్తే రావడం మాత్రం ఎవరూ నేర్పేవాళ్లు కాదు, గేటు తెరిచి ఉంటే వీధంతా పరుగే. వచ్చినప్పుడల్లా మంచే జరగాలి. స్నానానికో, తిట్టడానికో పిలిస్తే నాలుగోసారి రాదు. వాటికి మనమే వెళ్లి ఎత్తుకురావాలి.

పిల్లని తెచ్చిన రోజే మెడకి బెల్టు కట్టడం మద్రాసు ఆనవాయితీ. దానికో భయంకరమైన కారణం ఉండేది, కార్పొరేషన్ కుక్కల బండి. బెల్టు లేకపోతే దిక్కులేని కుక్క కింద లెక్క, పట్టుకుపోయి చంపేసేవాళ్లు. జంతువుల కోసం పనిచేసే బ్లూ క్రాస్ సంస్థ చంపడం వద్దు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలండని ఏళ్ల తరబడి పోరితే, ఊరి పేరు చెన్నైగా మారిన 1996లో ఆ చంపడం ఆగింది. బెల్టు అవసరం మాత్రం ఇప్పటికీ ఉంది, లోపల రెండు వేళ్లు దూరాలి, ఎదిగే వయసు కాబట్టి వారం వారం చూడాలి. రెండు రోజులు ఒట్టి బెల్టు, తర్వాత తేలికైన తాడు కట్టి కళ్ల ముందే ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి, ఆ తర్వాతే మన చేతికి. లాగితే చెట్టులా నిలబడిపోవడమే. తాడు వదులవగానే నడక. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపు, లేదా పొద్దుపోయాక. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఏడు క్షణాలు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు.

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవాటిని కుక్క జీవితమంతా మామూలుగా తీసుకుంటుంది. అరుగు మీద పడుకున్న పిల్ల ఆ కాలంలో కుక్కర్ కూతలు, మేళం, సైకిల్ గంట, గొడుగు, గడ్డాలు, బురఖాలు, చేతికర్రలు అన్నీ చూసేసేది. ఫ్లాటు పిల్లకి టీకాలు పూర్తవకపోయినా చంకన వేసుకుని టీ కొట్టు దగ్గర పావుగంట నిలబడాలి, లిఫ్టు ఎక్కించి దించాలి. దీపావళికి రెండు నెలల ముందే టపాసుల చప్పుడు ఫోనులో చాలా సన్నగా పెట్టి అన్నం పెట్టాలి, అది తినడం ఆపనంత వరకే శబ్దం పెంచాలి. ఒంటరిగా ఉండటం కూడా అలాగే, రెండు నిమిషాల నుంచి మొదలు. మొదటి వారమంతా సెలవు పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని, సోమవారం తొమ్మిది గంటలు తాళం వేసి వెళ్లిపోతే సాయంత్రానికి తలుపు చెక్క మిగలదు.

తలుపు చెక్క, హవాయి చెప్పులు, కొబ్బరి చీపురు, ఇవన్నీ నాలుగో నెలలో ఎక్కువ పోతాయి. అప్పుడే 28 పాలపళ్లు ఊడుతూ 42 గట్టి పళ్లు వస్తుంటాయి, చిగుళ్లు సలుపుతాయి. పాత తువ్వాలు తడిపి మెలిపెట్టి ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇస్తే గంటసేపు చప్పుడుండదు. పాలపళ్లు చాలావరకు మింగేస్తుంది. ఒకటో రెండో చీపురుకి తగులుతాయి, బియ్యపుగింజకన్నా కాస్త పెద్దవి, లోపల గుల్ల. చిన్న జాతుల్లో, ముఖ్యంగా ఆ బొచ్చు తెల్లవాటిలో, ఏడో నెలలో పెదవి ఎత్తి చూడాలి. కోరపన్ను పక్కనే పాత కోర ఇంకా ఉంటే డాక్టరు చేత తీయించాలి, లేకపోతే రెంటి మధ్యా తిండి ఇరుక్కుని రెండూ పుచ్చిపోతాయి.